మామ పూడ్చిన గొయ్యి

నిన్న పొద్దుగూకేదాకా తవ్విన గొయ్యి తెల్లారేసరికి లేదు.

లాముణు పార భుజాన వేసుకుని గుడిసెలోంచి వచ్చి, రెండడుగులు వేసి ఆగిపోయింది. మోకాలి లోతు దిగిన గొయ్యి అది. ఇప్పుడక్కడ నేల చదునుగా, తొక్కి తొక్కి గట్టిపరిచిన కళ్ళంలా ఉంది. పక్కనే ఆమె మామ ఒలోయా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గోళ్ళనిండా ఎర్రమట్టి. పూడ్చినవాడెవడో వెతుక్కోవలసిన పని లేదు. ముసలాయన దాచుకోనైనా దాచుకోలేదు.

"ఏం పని మామా ఇది?"

ఆయన మడుగు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎందుకు పూడ్చారు?"

"తవ్వొద్దని మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు. ఎందుకు తవ్వకూడదో చెప్పారా?"

"మామా కోడలూ ఒకే మరుగుదొడ్డి తొక్కే రోజులొచ్చాయా? క్యాంపులో ఎట్లాగూ సిగ్గూ శరం వదిలేసి బతికాం. ఇంటికొచ్చి కూడా అదే బతుకా?"

"మీరు తొక్కొద్దు. దాని వంక కూడా చూడొద్దు. మీకు వేరే తవ్వుతానన్నాను కదా! ముందు ఒకటి తవ్వి రేపు వచ్చేవాళ్ళకు చూపిద్దాం, బోరు పడ్డాక మీది మీకు తవ్వుతాను అన్నాను. ఎన్ని చెప్పినా మీది ఒకటే పాట."

"అవును, పాటే. నా వాకిలి, నా పాట."

లాముణు పార నేలకేసి కొట్టింది. కోడలు మామ ముందు గొంతెత్తడమే తప్పు, ఇక పార విసరడమంటే చెప్పేదేముంది. ఆయన మాత్రం తల తిప్పలేదు.

లాగొట్ ఊళ్ళో ప్రతి ఇంటికీ దొడ్డి గొయ్యి పడింది, ఈ ఒక్క ఇంటికి తప్ప. యుద్ధకాలంలో ఊళ్ళు ఖాళీ చేయించి పెట్టిన క్యాంపులు ఎత్తేశాక తిరిగొచ్చిన జనం వాళ్ళు. పాత బావి యుద్ధంలోనే కూలిపోయింది. తాగేది మడుగు నీళ్ళు. ఊరి వాకిళ్ళన్నీ కడిగి వాన తీసుకుపోయేదీ ఆ మడుగులోకే. అందుకే బోరు వేయించేవాళ్ళు షరతు పెట్టారు. ఇంటింటికీ గొయ్యి ఉండాలి, గొయ్యి పక్కన చేతులు కడుక్కునే క్యాను ఉండాలి. ఒక్క ఇల్లు తప్పినా బోరు బండి ఊళ్ళోకి రాదు. పొదల వెంట పోయేవాడు ఒక్కడున్నా వాడి రోగం అందరి కుండలోకీ వస్తుందని వాళ్ళ వాదన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

రేపు పొద్దున తనిఖీకి వస్తారు. గొయ్యి లేకపోతే బండి నది దాటి అవతలి ఊరికి పోతుంది. వానలు ముదిరితే మళ్ళీ ఎండాకాలం దాకా ఈ దారిన చక్రం తిరగదు.

అంతదాకా మడుగు నీళ్ళంటే ఏమిటో లాముణుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె కవలల్లో పెద్దది అపియో పోయిన నెలలో రక్తబంక విరేచనాలతో కన్నుమూసింది. చిన్నది అచెన్ ఇప్పుడు లోపల చాప మీద అదే జబ్బుతో పడి ఉంది.

"అమ్మా..." లోపలి నుంచి సన్నగా పిలుపు వినబడింది.

"వస్తున్నా తల్లీ."

పోతూ పోతూ ఆమె వెనక్కి తిరిగి అంది. "అది కూడా పోతే ఇక ఈ ఇంట్లో దొడ్డి ఎవరికీ అక్కర్లేదు మామా. హాయిగా కూర్చోండి."

ముసలాయన గోళ్ళలోని ఎర్రమట్టి గీక్కోసాగాడు.

* * *

గొయ్యి పూడిన సంగతి ఊరంతా తెలియడానికి ఎంతసేపు పడుతుంది! పొరుగింటి లాన్యేరో తొంగి చూసింది, అంతే. ఎండ పూర్తిగా రాకముందే వాకిలి నిండింది.

"ఏమయ్యా ఒలోయా!" అంటూ ముందుకు వచ్చాడు ఒజారా. ఊళ్ళో సేద్యపు పనికి ఎవరు ఎప్పుడు పార ఎత్తాలో చెప్పేవాడు ఆయనే, అందుకే ఆయన్ని పారల పెద్ద అంటారు. "నిన్న సాయంత్రం నా కళ్ళతో చూశాను. మోకాలి లోతు ఉంది. దయ్యాలు పూడ్చాయా?"

"నేనే పూడ్చాను."

"ఎందుకని?"

"నా ఇష్టం."

"నీ ఇష్టం నీ కడుపు వరకు పెట్టుకో. మా పిల్లల కడుపులతో నీకేం పని?" లాన్యేరో అందుకుంది. ఆ మనిషి నోటికి ఊళ్ళో ఎదురు లేదు. "మా ఆయన నడుం విరిగేట్టు తవ్వాడు. నిండు చూలాలు, నా తోటికోడలు, ఆమె మట్టి మోసింది. నీ వల్ల ఆ బండి పోయిందంటే చూడు, నా మడుగు నీళ్ళ కుండ తెచ్చి నీ గొంతులోనే పోస్తా!"

"పోయవే, తాగుతాను."

"తాగుతావు, నీకేం! ముసలి ప్రాణం, రాయి తిన్నా అరుగుతుంది. పోయేది పసివాళ్ళు."

ఒజారా చెయ్యెత్తి ఆమెను ఆపాడు. "పెద్దాయన బాధ నాకు తెలుసులే. కోడలితో ఒకే గొయ్యి అంటే ఎవరికైనా ఇబ్బందే. మా నాన్న కూడా నానా గొడవా చేశాడు. ఇట్లా చేద్దాం ఒలోయా. మన కుర్రాళ్ళు నలుగురు వస్తారు. ఇక్కడ కోడలికి ఒకటి, అటు పక్క నీకొకటి. మధ్యాహ్నానికి రెండూ అయిపోతాయి. సరేనా?"

వాళ్ళు ఎంత న్యాయంగా మాట్లాడితే ముసలాయన అంత ముడుచుకుపోయాడు.

"ఇక్కడ వద్దు."

"మరెక్కడ? కింద తవ్వితే మడుగులోకి దిగుతుందని ఆరోగ్య శాఖ అమ్మాయి చెప్పింది. వెనకంతా రాయి. గాదె పక్కన మీ అపియోను పెట్టారు. మిగిలింది ఇదే."

"ఇక్కడ వద్దన్నానా!"

ఒజారాకు ఓపిక అయిపోయింది. కుర్రాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళు పారలు ఎత్తారో లేదో, ఒలోయా ఆ చదును నేల మీద అడ్డంగా వెల్లకిలా పడుకున్నాడు.

"తవ్వండి. ముందు నన్ను తవ్వండి. నా మీద పార వేసినవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. నా నెరిసిన తల సాక్షిగా చెబుతున్నాను."

కుర్రాళ్ళు పారలు దించేశారు. ముసలివాడి శాపం ముందు బోరు బండి ఎంత! ఒజారా ఉమ్మేసి, లాముణు వైపు తిరిగాడు.

"రేపు పొద్దుటి దాకా టైముంది, కవలల తల్లీ. మీ మామను నువ్వే ఒప్పించుకో. లేకపోతే ఈ ఊళ్ళో మీ ఇంటికి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు."

కవలల తల్లి! ఒకతె పోయినా ఆ పిలుపు పోలేదు. లాముణు తల వంచుకుని నిలబడింది.

లాన్యేరో పోతూ పోతూ ఊరుకోలేదు. "మగదిక్కు ఉంటే ఈ గతి పట్టేదా? ఉన్నాడో లేడో తెలియని మొగుణ్ణి పట్టుకుని వేలాడుతున్నావు. వరసకు మరిది అయినవాణ్ణి చేసుకోమని పెద్దలు చెప్పినప్పుడు చేసుకోవాల్సింది."

"నా మొగుడు ఉన్నాడు," అంది లాముణు.

"ఉంటే రమ్మను, తవ్వమను."

ఆరేళ్ళుగా వింటున్న మాటే అది. మొగుడు ఒయెట్ ను తిరుగుబాటుదారులు పట్టుకుపోయారని మామ వచ్చి చెప్పినప్పుడు ఆమెకు నెలలు నిండాయి. ఏటా ఎండాకాలంలో మామ పైఊళ్ళకు పోయి కబురు తెచ్చేవాడు. సరిహద్దు అవతల ఎవరో చూశారట, చిక్కిపోయాడట, అయినా నడుస్తున్నాడట. అట్లా పోయినవాళ్ళలో కొందరు తిరిగి రానూ వచ్చారు. ఆ కబుర్ల మీదే ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఇంకో మగవాడి గడప తొక్కలేదు.

* * *

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంది. లాముణు జొన్న సంకటి, పక్కన నువ్వుల ముద్ద పెట్టి, మామ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె జరిపింది. కోపం ఎంత ఉన్నా మర్యాద మర్యాదే.

ఆయన తినలేదు. "పిల్లకెట్లా ఉంది?"

"పొద్దుటి నుంచి ఆరుసార్లు. కాచిన నీళ్ళలో ఉప్పూ చక్కెరా వేసి పోస్తున్నా. పోసింది పోసినట్టే పోతోంది."

"నీళ్ళు బాగా కాచావా?"

"కట్టెలున్నంతవరకు కాచాను. అపియోకు కూడా కాచాను."

ఈగలు సంకటి మీద ముసిరాయి. ఎవరూ తోలలేదు.

ఉన్నట్టుండి లాముణు లేచింది. గోడకానించిన పార తీసుకుని, సరాసరి ఆ చదును నేల మీదికి నడిచింది. మామ కంగారుగా లేవబోయాడు.

"లాముణూ! వద్దు."

"శపించండి. పొయ్యి వెలగదన్నారు కదా, ఇప్పుడు మాత్రం ఏం వెలుగుతోంది? నా పిల్ల బతకాలి. ఆ తర్వాత మీ శాపం ఎట్లా తగిలినా సరే."

పార ఎత్తింది. దింపింది. ఎర్రమట్టి చిల్లింది. రెండోసారి ఎత్తేసరికి ముసలాయన పాకుతూ వచ్చి పార కింద అరచెయ్యి పెట్టాడు. ఇంకొంచెం ఉంటే వేళ్ళు తెగిపోయేవి.

"అటువైపు వద్దమ్మా," అన్నాడు. "అటు వాడి తల ఉంది."

లాముణు చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఎవరి తల?"

ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"ఎవరి తల మామా?"

"ఒయెట్ ది."

వాకిట్లో కోడి ఒకటి మట్టి కెలుకుతోంది. పక్కింట్లో రోకటిపోటు వినబడుతోంది. లాముణు పార కింద పెట్టింది. మెల్లగా పెట్టింది, కింద ఎవరో నిద్రపోతున్నట్టు.

"క్యాంపుకు వెళ్ళాక తిండి లేదు గదా," అన్నాడాయన మట్టిని అరచేత్తో నిమురుతూ. "కర్రపెండలం తవ్వుకొస్తానని వాడు ఇక్కడికొచ్చాడు. చీకటిపడ్డా రాలేదు. మర్నాడు నేను దొంగతనంగా వచ్చాను. గాదె పక్కన పడి ఉన్నాడు. పార చేతిలోనే ఉంది. ఇక్కడికి లాక్కొచ్చి ఆ పారతోనే తవ్వాను. పైగుడ్డ కూడా లేదు, నా చొక్కా కప్పాను."

"ఎవరు చంపారు?"

"ఎవరైతేనేం. తుపాకీ ఉన్నవాడు."

ఆమె నోరు తెరుచుకుంది. మొగుడు పోయాడని విన్న ఆడది ఏం చేస్తుంది? గుండెలు బాదుకుని, నేల మీద దొర్లి, ఊరు దద్దరిల్లేలా ఏడుస్తుంది. ఆ ఏడుపు విన్నవాళ్ళు ఎక్కడి పని అక్కడ పారేసి పరుగెత్తుకొస్తారు. ఆ కేక ఆమె గొంతు దాకా వచ్చేసింది కూడా.

సరిగ్గా అప్పుడే గుడిసెలో అచెన్ దగ్గింది.

లాముణు తలకు కట్టుకున్న గుడ్డ లాగి నోట్లో కుక్కుకుంది. రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మోకాళ్ళ మీద కూలబడి, ముందుకీ వెనక్కీ ఊగింది. కళ్ళలోంచి ధారలు కట్టాయి కానీ చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు. ఎంతసేపు అట్లా ఉందో ముసలాయనకే తెలియాలి.

చివరికి గుడ్డ తీసింది.

"పోయిన ఎండాకాలం గడ్డం పెంచాడని చెప్పావు. ఆ గడ్డం ఎవరిది?"

మామను 'నువ్వు' అనడం ఆమెకు అదే మొదలు. ఆయన గమనించాడు. తనకు తగినదే అన్నట్టు తల వంచాడు.

"నెలలు నిండి ఉన్నావు. చెబితే కడుపులో బిడ్డలు ఏమవుతారోనని అప్పుడు చెప్పలేదు. పుట్టాక చెబుదామనుకున్నాను. పుట్టాక..."

"పుట్టాక?"

"చెబితే ఇంకొకడి ఇంటికి పోతావు. పిల్లల్ని తీసుకుపోతావు. నాకు ఎవరు మిగులుతారు? భయమేసింది, అమ్మా. ఒక అబద్ధం చెప్పాను, దాన్ని సాకడానికి ఏటా ఇంకోటి చెప్పాను."

"నా వయసంతా తిన్నావు."

"తిన్నాను."

"అపియోను పూడ్చిన రోజు కూడా చెప్పలేదు! వాళ్ళ నాన్న వచ్చాక ఏం చెప్పాలని నేను తల బాదుకుంటుంటే పక్కనే కూర్చున్నావు!"

ముసలాయన బావురుమన్నాడు. ఆరేళ్ళ ఏడుపు అది, ఆపితే ఆగేది కాదు. "ఇక నా వల్ల కాదు. ఇప్పుడే ఒజారాను పిలుస్తాను. పెద్దలందరూ రావాలి. మేకను కోసి, వాడి ఎముకలు తీసి కడిగి, చెయ్యాల్సినవన్నీ చేసి మళ్ళీ పెడదాం. వాడు నా కల్లోకి వస్తున్నాడు. ఎండలో పడుకోబెట్టావు నాన్నా అంటున్నాడు."

ఆయన లేచి వీధి వైపు నడవబోయాడు. లాముణు ఎదురు వెళ్ళి నిలబడింది.

"ఎక్కడికి?"

"చెప్పాను గదా, ఒజారా దగ్గరికి."

"చెబితే ఏమవుతుంది?"

ఏమవుతుందో ఆయనకూ తెలుసు. ఊళ్ళో శవమో, ఎముకో బయటపడిందంటే, దానికి చెయ్యాల్సింది చేసేదాకా ఎవడూ నేలలో పార దింపడు. గొయ్యి తవ్వరు, చేను దున్నరు. బోరు మాట దేవుడెరుగు. వంశపు పెద్దలు నాలుగు ఊళ్ళ నుంచి రావాలి. ఈలోపు బండి నది దాటిపోతుంది.

"బోరు పడనీ. ఆ తర్వాత చెప్పు. నేనే వచ్చి నీ పక్కన కూర్చుంటాను. ఊరంతా వినేలా ఏడుస్తాను."

"ఇన్నేళ్ళూ వాణ్ణి అనాథలా పడేశాను. మళ్ళీ ఆగమంటావా?"

"ఆరేళ్ళు నోరు మూసుకున్నావు. ఇంకొక్క రోజు మూసుకోలేవా?"

ఆయన వెనక్కి వెళ్ళి అదే చోట, పార తగిలి పెళ్ళలు లేచిన చోట కూర్చుని, మట్టి చేత్తో సర్దసాగాడు.

* * *

ఇక మిగిలిన చోటు ఒక్కటే. ఆమె వంట గుడిసె ఉన్న చోటు.

లాముణు పొయ్యిలో నిప్పు తీసి కుండలో దాచింది. కుండలూ తిరగలీ బయట పెట్టింది. గుడిసె గడ్డి కప్పు లాగి పడేసింది. క్యాంపు నుంచి వచ్చాక ముందుగా కట్టుకున్నది ఆ వంట గుడిసెనే. మట్టి గోడను భుజంతో నెట్టింది. కూలింది.

గోడ పడ్డ చప్పుడుకు లాన్యేరో కంచె మీది నుంచి తొంగి చూసింది.

"ఓసి నీ దుంపతెగ! ఏం చేస్తున్నావే?"

"గొయ్యి తవ్వుతున్నా."

"వంటింట్లోనా? రేపు ఎక్కడ వండుతావు?"

"నీ ఇంట్లో."

లాన్యేరో నవ్వలేదు. కాసేపు అట్లాగే చూసి, లోపలికి వెళ్ళి తన పార తెచ్చుకుంది. కంచె దాటి వచ్చి, చీర ఎగ్గట్టినట్టు పైగుడ్డ నడుముకు చుట్టుకుని, అడక్కుండానే రెండోవైపు నుంచి మొదలుపెట్టింది. తిట్లూ ఆపలేదు, పారా ఆపలేదు. పైపొర బూడిదతో మెత్తగా వచ్చింది. జానెడు దిగాక గరుసు తగిలింది. పార నిప్పులు కక్కింది.

"మీ మామ మనిషి కాదు, మొండి గాడిద. ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదు."

లాముణు మట్టి ఎత్తి పోసింది.

"నేను పొద్దున అన్నమాట మనసులో పెట్టుకోకు. నీ మొగుడి సంగతి. నా నోరు అంతే, తెరిస్తే మూతపడదు. వస్తాడులే. మా మేనమామ కొడుకు ఎనిమిదేళ్ళకు రాలేదూ?"

"ఊఁ."

"వచ్చి ఈ గొయ్యి చూస్తే ఏమంటాడో! నా పెళ్ళాం వంటింట్లో దొడ్డి కట్టిందిరా నాయనా అని మళ్ళీ అడవిలోకే పారిపోతాడు."

తన హాస్యానికి తనే పగలబడి నవ్వింది. లాముణు పార ఎత్తి గరుసు మీద దింపింది, మళ్ళీ దింపింది, ఆపకుండా దింపింది. చెమట, కన్నీళ్ళు కలిసిపోయి రెండూ ఒకటే అయ్యాయి.

"నిదానం తల్లీ, చేతులు బొబ్బలెక్కుతాయి," అంది లాన్యేరో, నిజంగానే జాలిపడుతూ.

ఛాతీ లోతు దిగేసరికి వాన మొదలైంది.

* * *

తెల్లవారి వాన వెలిసింది. ఆరోగ్య శాఖ అమ్మాయి రబ్బరు బూట్లతో వచ్చింది. వెనక ఒజారా, ఆయన వెనక ఊరు. గొయ్యిలోకి కర్ర దింపి చూసింది. అడ్డంగా వేసిన దుంగల్ని కాలితో నొక్కింది. కొయ్యకు వేలాడదీసిన క్యాను వంచి చేతులు కడుక్కుని, తల ఊపింది.

"ఇదెవరు తవ్వారు?"

"మేమిద్దరమే," అంది లాన్యేరో, లాముణుకంటే ముందే ఛాతీ విరిచి.

"పాస్. బండిని రమ్మనండి."

అంతే! ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ కూత పెట్టారు. ఒక ముసలామె అక్కడికక్కడే గెంతులేసింది. దూరంగా, ఊరి బయటి బడి మైదానంలో బోరు బండి ఇంజను గురకపెట్టడం వినబడింది. లాముణు అచెన్ ను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఇంకొంచెం ఓపిక పట్టు తల్లీ, మంచినీళ్ళు వస్తున్నాయి అని చెవిలో చెప్పింది.

ఆ కూతల మధ్యలోంచి ఇంకో గొంతు లేచింది.

ఒలోయా కూర్చున్న చోటనే రెండు చేతులూ పైకెత్తి కేక వేస్తున్నాడు. వేటలో, పోట్లాటలో ఒయెట్ వేసుకునే కేక అది. మనిషి పోయాక పెద్దలు అతని శవం ముందు వేసేదీ అదే. "ఏనుగుకు దారి ఇవ్వని ఒయెట్! ఏనుగుకు దారి ఇవ్వని నా కొడుకా!"

ఒక్కొక్కరే కూతలు ఆపేశారు. ఒజారా మొహం మారిపోయింది.

"ఆయన ఎందుకు ఆ కేక వేస్తున్నాడు?" అన్నాడు. ముసలాయన్ని కాదు, లాముణును. "కవలల తల్లీ, నిన్నే. ఆ చోట్లో ఏముంది? నిన్నంతా దాన్ని పట్టుకుని ఎందుకు పడుకున్నాడు?"

అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. లాన్యేరో కూడా మొదటిసారి నోరు మూసుకుని చూస్తోంది. ఒలోయా కోడలి వైపు చూశాడు. చెప్పమ్మా, నువ్వే చెప్పు అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

అచెన్ ఆమె మెడ మీద తల వాల్చింది. వేడి ఊపిరి తగిలింది.

"ఏమీ లేదు," అంది లాముణు.

"ఏమీ లేకపోతే ఆ కేక ఏమిటి?"

"అపియో పోయిన దగ్గర్నుంచి ఆయనకు మతి స్థిమితం లేదు. కొడుకు మీద బెంగ. అక్కడెవరూ లేరు. నా మొగుడు బతికే ఉన్నాడు. పోయిన ఎండాకాలం కూడా చూసినవాళ్ళున్నారు." పిల్లను భుజం మీద సర్దుకుంది. "గడ్డం పెంచాడట."

ఒలోయా ఎత్తిన చేతులు దించేశాడు. మళ్ళీ కేక వెయ్యలేదు.

ఒజారా గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. నా గుండె ఆగినంత పనైంది. పాపం పెద్దాయన!" ఎవరో మళ్ళీ కూత అందుకున్నారు. పిల్లలు బండికి ఎదురు పరుగెత్తారు.

బండి మడుగు గట్టు దాకా వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, దారిలో నిలిచిన నీళ్ళు చూసి, తల అడ్డంగా ఊపాడు. బోరుకు కొయ్యలు పాతిన చోటు ఒలోయా ఇంటి వెనక, రాతి గట్టు దాటాక ఉంది.

"ఇటు దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. రాత్రి వానకు అంతా బురదే," అన్నాడు. ఒలోయా వాకిట్లోకి నడిచి వచ్చి, అటూ ఇటూ చూసి, ముసలాయన కూర్చున్న నేలను మడమతో రెండుసార్లు తన్నాడు. "ఇది గట్టిగా ఉంది. ఇటు ఆ కొత్త గొయ్యి, అటు ఆ పసిదాని సమాధి. మధ్యలో ఇదొక్కటే దారి. ఇటే పోనిస్తాను."

"పోనీ," అన్నాడు ఒజారా. లాముణు వైపు తిరిగి, మెత్తగా చెప్పాడు. "మీ మామను లేపి పక్కకు తీసుకురా తల్లీ. బండి రావాలి."

లాముణు అచెన్ ను లాన్యేరో చేతికిచ్చింది. వాకిలి దాటి మామ దగ్గరికి వచ్చింది. కోడలు మామను తాకకూడదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆయన చొక్కా అంచు కూడా ఆమె చేతికి తగల్లేదు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా వంగి, రెండు చంకల కిందా చేతులు వేసి పట్టుకుంది.

"లే, మామా."

ఆయన లేవలేదు. పది వేళ్ళూ మట్టిలోకి దింపి పట్టుకున్నాడు. ఆమె చెవికి మాత్రమే వినబడేలా అడిగాడు.

"దీని మీది నుంచేనా?"

వెనక ఇంజను రొద పెరిగింది. బోరు బండి ముందు చక్రం గట్టు ఎక్కి వాకిట్లోకి తిరిగింది.